చివరి రాత్రికి మాత్రం వద్దండి

క్రూయిజ్ ఓడలోని ఖరీదైన రెస్టారెంట్లో జంటగా చేసే డిన్నర్‌ని ప్రయాణం చివరి రాత్రికి ఉంచుకోమని ఎవరో సలహా రాశారు. నేనైతే ఒప్పుకోను. మా పెళ్లిరోజుకని మేమూ అదే చేశాం. చాలా ఓడల్లో ఆ రాత్రే పెద్ద సూట్‌కేసులు గది బయట పెట్టేయాలి, సిబ్బంది వచ్చి పట్టుకెళ్లిపోతారు. మా ఆయన మంచి బూట్లు అందులోనే సర్దేశారు! డ్రెస్ కోడ్ ఉన్న చోటికి స్పోర్ట్స్ షూతో వచ్చి, భోజనం అయ్యేదాకా కాళ్లు కుర్చీ కిందికి ముడుచుకుని కూర్చున్నారు పాపం.

ఇంకోటి. కిటికీ పక్క టేబులే కావాలని పట్టుబట్టి, ఎనిమిదిన్నరకు బుక్ చేశాం. చీకటి పడ్డాక సముద్రం ఏం కనిపిస్తుంది? అద్దంలో మా మొహాలే. సూర్యాస్తమయం ఎన్నింటికో కనుక్కుని, అరగంట ముందే కూర్చోవాలి. ఓడ వెనక భాగంలో ఉన్న రెస్టారెంట్ అయితే నీళ్ల మీద ఓడ వదిలే తెల్లటి నురుగు చార కూడా కనిపిస్తుంది. కాకపోతే అక్కడ కాస్త అదురు ఉంటుంది, మా గ్లాసుల్లో నీళ్లు సన్నగా వణుకుతూనే ఉన్నాయి.

భోజనానికి వంక పెట్టలేను. ప్లేటు తీసిన ప్రతిసారీ వడ్డించే అబ్బాయి చిన్న రేకులాంటి దానితో బల్లగుడ్డ మీది రొట్టె పొడి ఊడ్చేస్తుంటే, అదే చూస్తూ మాటలు మర్చిపోయేవాళ్లం. రెండు గంటల పైనే పట్టింది, అదే రాత్రి షో కూడా చూద్దామనుకోకండి. మొదటి రాత్రికి అడిగి చూడండి. అందరూ బఫే హడావిడిలో ఉంటారు, టేబుల్ తేలిగ్గా దొరుకుతుంది.