కన్సోల్‌లో మౌస్ కోసం దొడ్డిదారి ఎందుకు?

"కన్సోల్ ప్రోగ్రాంలో మౌస్ క్లిక్: అయిదు చిట్కాలు" అనే సందేశం ఈ నెలలో నాకు నాలుగోసారి వచ్చింది. కన్సోల్ అంటే విండోస్‌లో అక్షరాలతోనే నడిచే విండో. పంపినవాళ్లలో సి భాష నేర్చుకునేవాళ్లే కాదు, నేర్పేవాళ్లూ ఉన్నారు. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

కన్సోల్‌కు సొంతంగా మౌస్ ఈవెంట్లు (మౌస్ కదిలిందని, బటన్ నొక్కారని ప్రోగ్రాంకు వచ్చే కబుర్లు) లేవన్నది మొదటి మాట. ఉన్నాయి. ఫైళ్లను చూసుకునే ఫార్ మేనేజర్ అనే కన్సోల్ ప్రోగ్రాం ఏళ్ల తరబడి వాటితోనే నడుస్తోంది.

రెండోది టర్బో సి కాలం నాటి 33హెచ్ ఇంటరప్ట్, అంటే డాస్‌లో మౌస్ డ్రైవర్‌ను పిలిచే పద్ధతి. పాత డాస్ ప్రోగ్రాంలను నడిపే డాస్‌బాక్స్‌లో సరే. 64 బిట్ విండోస్‌లో నేరుగా నడిచే ప్రోగ్రాంకు అది అక్కరకు రాదు.

నాకు కోపం తెప్పించింది మూడోది. గెట్‌ఎసింక్‌కీస్టేట్ అనే విండోస్ ఫంక్షన్‌ను లూపులో పెట్టి ఎడమ బటన్ సంగతి అడగాలట, మౌస్ స్థానం చెప్పే గెట్‌కర్సర్‌పాస్ ఇచ్చిన పిక్సెళ్లను అక్షరం వెడల్పు 8తో, ఎత్తు 16తో భాగిస్తే ఏ అక్షరపు గడిలో నొక్కారో తెలిసిపోతుందట. బటన్ నొక్కారా లేదా అన్నదే గెట్‌ఎసింక్‌కీస్టేట్ చెబుతుంది, ఏ విండోలో నొక్కారో దానికి పట్టదు. ఒక విద్యార్థి బస్సు సీట్ల బుకింగ్ ప్రాజెక్టును ఇలాగే రాశాడు. కన్సోల్ పైన బ్రౌజర్ తెరిచి ఏదో లింకు నొక్కాడు. తిరిగి వచ్చి చూస్తే 14వ సీటు బుక్ అయిపోయి ఉంది! వేలు తీయడం కాస్త ఆలస్యమైతే అదే సీటు పదేపదే బుక్ అవుతోంది. విండోను పక్కకు జరిపినా, ఫాంటు పెంచినా గడుల లెక్క తప్పుతోంది. ఎడమచేతివాటం వాళ్లు సెట్టింగుల్లో బటన్లు మార్చుకుంటే గెట్‌ఎసింక్‌కీస్టేట్ దాన్నీ లెక్కచేయదు. ఆ అబ్బాయి మూడు రాత్రులు తన తర్కంలో తప్పు వెతుక్కున్నాడు. తప్పు అతనిది కాదు, ఈ సందేశానిది. చిట్కా రాసినవారు ఒక్కసారైనా రెండు విండోలు తెరిచి పరీక్షించారా?

దీనికి బదులు, కన్సోల్ ఈవెంట్లను చదివే రీడ్‌కన్సోల్‌ఇన్‌పుట్ ఫంక్షన్ వాడండి. ఈవెంట్ వచ్చేదాకా అది ఆగుతుంది, ప్రాసెసర్‌ను ఊరికే తిప్పదు. మన కన్సోల్ విండో ముందున్నప్పుడు, అందులో నొక్కినవే వస్తాయి. స్థానం కూడా పిక్సెళ్లలో కాదు, నేరుగా అక్షరాల గడుల్లోనే వస్తుంది.

నాలుగో చిట్కా ప్రకారం ఈవెంట్ ఫ్లాగ్ (అది ఏ రకం మౌస్ ఈవెంటో చెప్పే అంకె) సున్నా అయితే అది క్లిక్. బటన్ నొక్కినప్పుడూ సున్నానే, వదిలినప్పుడూ సున్నానే. ఫ్లాగ్ ఒక్కటే చూస్తే ప్రతి క్లిక్ రెండుగా లెక్కకు వస్తుంది. పాత బటన్ స్థితిని దాచుకుని కొత్తదానితో పోల్చాలి.

అయిదోది, కన్సోల్‌లోని అక్షరాలను మౌస్‌తో ఎంచుకోనిచ్చే క్విక్ ఎడిట్ మోడ్ ఆపమనడం. ఇది నిజం, ఒప్పుకుంటున్నాను. మౌస్ ఇన్‌పుట్ ఫ్లాగ్ పెడితే చాలని నేను చాలామందికి చెప్పాను. అది తప్పు. క్విక్ ఎడిట్ ఉన్నంతసేపూ ఎడమ క్లిక్ ఆ అక్షరాలను ఎంచుకోవడానికే పోతుంది, ప్రోగ్రాంకు చేరదు. అయితే ప్రాపర్టీస్‌లోకి వెళ్లి చేత్తో ఆపనక్కర్లేదు. కన్సోల్ మోడ్‌ను మార్చే సెట్‌కన్సోల్‌మోడ్ ఫంక్షన్‌లో క్విక్ ఎడిట్ ఫ్లాగ్ తీసేసి, ఎక్స్‌టెండెడ్ ఫ్లాగ్స్ చేర్చండి. ప్రోగ్రాం ముగిసే ముందు పాత మోడ్‌ను తిరిగి పెట్టండి.