టైరు మీది స్ప్రే రంగు: పెట్రోలు సలహాలో తప్పెక్కడుంది?

సంక్రాంతికి ముందు ఇంటి గేట్లకు వెండి రంగు కొట్టించే రోజుల్లో గుంటూరులో మా వీధివాళ్ల వాట్సాప్‌లో ఒక సలహా చేతులు మారింది. టైరు మీద స్ప్రే రంగు పడితే రబ్బరుకు గాలి ఆడక టైరు పేలుతుందట. అందుకని పెట్రోలు గానీ థిన్నరు గానీ గుడ్డకు అద్ది వెంటనే రుద్దాలట. అప్పటికీ పోకపోతే బ్రేక్ ఆయిల్ పూసి ఇనుప బ్రష్షుతో గీకాలని, చివర డీజిల్ పట్టిస్తే టైరు కొత్తదానిలా మెరుస్తుందని అందులో ఉంది. ఈ మొత్తంలో సగం నిజమైన ముక్క ఒకటుంది. తక్కినదాన్ని నమ్మి నష్టపోయినవాళ్లలో నేనూ ఉన్నాను.

టైరుకు గాలి ఆడడం అనే మాటకు అర్థమే లేదు. టైరు పేలేది గాలి తక్కువై అతిగా వేడెక్కినప్పుడు, మోయలేని బరువు వేసినప్పుడు, పక్కభాగం కోసుకుపోయినప్పుడు. పైన పడిన పలుచని రంగు పొరకు ఆ శక్తి లేదు. పైగా మామూలు కారు టైరు కిలోమీటరుకు దాదాపు 500 సార్లు తిరుగుతుంది, తిరిగిన ప్రతిసారీ దాని పక్కభాగం నేల దగ్గర వంగి లేస్తుంది. ఇక్కడి నుంచి విజయవాడకు 35 కిలోమీటర్లనుకుంటే, ఒక్క ప్రయాణంలోనే పదిహేడు వేలకు పైగా వంపులు. ఎండి బిగిసిన రంగు అన్ని వంపులకు తట్టుకోలేక పగిలి రాలుతుంది. రోడ్డును తాకే భాగం మీద పడినదైతే నడకలోనే అరిగిపోతుంది. అంటే కంగారుపడాల్సిన అవసరం మొదటే లేదు.

అసలు హాని పెట్రోలుతో మొదలవుతుంది. గుడ్డ నల్లబడితే మురికి వదిలినట్టేనని ఆ సలహా రాసినవారు ధైర్యం చెప్పారు. ఆ నలుపులో రోడ్డు మురికి కొంత ఉంటే ఉండవచ్చు గాని, రబ్బరుకు బలమిచ్చే కార్బన్ నలుపు కూడా అందులో ఉంటుంది. టైరులో వాడే సహజ రబ్బరు, స్టైరీన్ బ్యుటాడయీన్ రబ్బరు పెట్రోలునూ, థిన్నరులో ఉండే టోలుయీన్‌నూ పీల్చుకుని ఉబ్బుతాయి. బండిలో పెట్రోలు గొట్టాలను ఆ రబ్బరుతో చేయకుండా నైట్రైల్ వంటి వేరే రకాలతో చేసేది అందుకే. ఎండకూ ఓజోనుకూ పగుళ్లివ్వకుండా టైరులో కలిపే మైనం, రక్షక రసాయనాలు మెల్లగా పైకి ఊరుతూ ఉంటాయి. పాత టైర్ల మీద కనిపించే గోధుమరంగు ఛాయ చాలావరకు వాటిదే. పెట్రోలు గుడ్డ ముందుగా ఎత్తుకుపోయేది ఆ పొరనే. ఒక్కసారి తుడిచినంత మాత్రాన టైరు ఆ పూటే పాడైపోతుందని నేను అనను, ఎందుకంటే పెట్రోలు ఆరాక ఉబ్బు తగ్గుతుంది. నేను మాత్రం మా కారు ఎడమ ముందు టైరును పావుగంట రుద్దాను. వెండి రంగు పోలేదు సరికదా, కరిగి పలుచనై చుట్టూ పాకింది. దాని కింద రబ్బరు బూడిదరంగుకు తిరిగి వేలికి జిగటగా తగిలింది. ఆటోనగర్‌లో టైర్లు చూసే అతను గోటితో ఒకసారి నొక్కి, “పెట్రోలు పెట్టారా మాస్టారూ?” అని అడిగాడు. నిప్పు సంగతి వేరే చెప్పాలా? మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా పెట్రోలు ఆవిరి అంటుకోగలదు, మనమేమో అప్పుడే తిరిగి వచ్చిన బండి చక్రం పక్కన దాన్ని తెరిచి పెడుతున్నాం.

సగం నిజం బ్రేక్ ఆయిల్‌ది. అది రంగును మెత్తబరుస్తుంది. బ్రేకుల లోపలి రబ్బరు వాషర్లు ఏళ్ల తరబడి అందులోనే నానుతాయి కాబట్టి రబ్బరును పెద్దగా బాధించదన్నదీ ఒప్పుకోదగ్గ మాటే. కానీ ఏది టైరు రంగో, ఏది కారు రంగో దానికి తెలియదు. చుక్క జారితే రిమ్ము రంగూ, మడ్‌గార్డు రంగూ లేచిపోతాయి. రిమ్ము వెనకే ఉన్న డిస్కుకూ ప్యాడ్లకూ అంటిందా, బ్రేకు పట్టు తప్పుతుంది.

ఇనుప బ్రష్షు గీతలే రేపటి పగుళ్లకు దారి. డీజిల్ అయితే పెట్రోలులా త్వరగా ఆరదు గనుక రబ్బరులోకి ఇంకడానికి దానికి మరింత సమయం చిక్కుతుంది. ఆ మెరుపు కూడా మన రోడ్ల దుమ్ము అంటుకునేదాకానే.

రంగు చూడలేకపోతే గోరువెచ్చని సబ్బునీళ్లతో టైరును తడిపి, బట్టల బ్రష్షుతో రుద్ది, లేచిన అంచులను పాత ప్లాస్టిక్ కార్డుతో గీకితే చాలు. మొండి మరకకు తినే సోడాను నీళ్లలో ముద్దగా కలిపి వాడవచ్చు. అదీ చాలకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూదికి అద్ది, ముందు ఒక మూల పరీక్షించి, తుడిచిన వెంటనే నీళ్లతో కడగాలి. రంగు తడిగా ఉన్నప్పుడైతే పని ఇంకా తేలిక. ఎడమ వెనక టైరు మీద నేను వాడింది సబ్బునీళ్లే. మిగిలిన పెచ్చులు నాలుగైదుసార్లు విజయవాడ వెళ్లొచ్చేసరికి రాలిపోయాయి. ఇప్పుడు దాని మీద వెండి రంగు మిగిలింది తయారీ వారాన్నీ ఏడాదినీ చెప్పే నాలుగంకెల సందుల్లోనే. దాన్ని నేనే ఉంచేశాను, అంకెలు చదవడానికి కళ్లద్దాలు అక్కర్లేకుండా ఉంది.