డేవ్ గ్రోల్ గారి చిన్నిల్లు

సంపాదన పెరిగి, పెద్దిల్లు కుదురుకున్నాక మగాడి బుద్ధి పక్కదారి పడుతుందని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. రాక్ సంగీతంలో సొంత బ్యాండ్ ఉండగానే పక్కన ఇంకో పేరుతో పాటలు చేసుకోవడమే ఆ పక్కదారి, దానికి సైడ్ ప్రాజెక్ట్ అని మర్యాదైన పేరు పెట్టుకున్నారు. రాక్ వాళ్ళ తాగుడు గురించీ, హోటల్ గదుల్లో టీవీలు పగలగొట్టడం గురించీ లోకం ఇప్పటికే కావలసినంత బాధపడింది. ఈ జాడ్యాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు. అందుకే బాధ్యత గల పౌరుడిగా ఈ ఫిర్యాదు. నిందితుడు డేవ్ గ్రోల్.

ముందు పెద్దిల్లు సంగతి చూద్దాం. ఈయన నిర్వాణ అనే రాక్ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించినవాడు. 1994లో ఆ బ్యాండ్ కథ ముగిశాక, దాదాపు అన్ని వాయిద్యాలూ తనే వాయించి, తనే పాడి, ఫూ ఫైటర్స్ పేరుతో 1995లో ఆల్బమ్ తెచ్చాడు. జనం మెచ్చారు. మూడో ఆల్బమ్‌కి 2001లో గ్రామీ కూడా వచ్చింది. రేడియోలో ఆయన పాట వస్తే ఇంట్లో పెద్దవాళ్ళు సౌండ్ తగ్గించమనడం మానేశారు. సరిగ్గా అక్కడే చెడిందని నా అనుమానం. పెద్దవాళ్ళు కూడా తల ఊపుతున్నారంటే, చిన్నప్పుడు మెటల్ (రాక్‌లో బాగా బరువైన, హోరెక్కువ శాఖ) విని చెడిపోయిన ఏ కుర్రాడికైనా అవమానమే కదా.

2000 ప్రాంతంలో వర్జీనియాలోని తన ఇంటి కింద, బేస్‌మెంట్ స్టూడియోలో పని మొదలైంది. (సదుద్దేశంతో చేసే పని మేడ మీద చేసుకోవచ్చు. భూమి కింద దేనికి?) గిటార్ తనే, బేస్ గిటార్ తనే, డ్రమ్స్ ఎలాగూ తనే. బరువైన రిఫ్‌లతో, అంటే మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చే గిటార్ ముక్కలతో, టేపులు నింపాడు. పాటలు తయారయ్యాయి గానీ వాటికి గొంతు లేదు. పాడలేక కాదు, స్టేడియంలో చివరి వరస దాకా వినిపించే గొంతు ఆయనది. అయినా నోరు మూసుకుని, ఆ టేపుల్ని తన కుర్రతనపు దేవుళ్ళకి, అంటే మెటల్ గాయకులకి, పంపించాడు. "మీరు మాటలు రాసి పాడి పెట్టండి" అన్నది విన్నపం. పిల్ల తండ్రి, పురోహితుడు, వంటవాడు, మేళగాడు అన్నీ తనే అయ్యి, పీటల మీద మాత్రం వేరేవాళ్ళని కూర్చోబెట్టినట్టుంది.

ఆ వచ్చినవాళ్ళని చూడండి. బ్రిటన్ నుంచి వెనమ్ బ్యాండ్ క్రోనోస్. బ్లాక్ మెటల్ అనే సంగీత శాఖకి పేరు వచ్చిందే వీళ్ళ 1982 ఆల్బమ్ నుంచి. బ్రెజిల్‌లో పుట్టిన మాక్స్ కవలెరా గిటార్‌కి ఆరు తీగలు ఉండాలని ఒప్పుకోడు, రెండు పీకేసి నాలుగింటితోనే లాగిస్తాడు. స్విట్జర్లాండ్ నుంచి టామ్ వారియర్. పాట మధ్యలో బియ్యం బస్తా భుజానికెత్తుకున్నవాడిలా "ఊహ్" అని మూలగడమే ఆయన ట్రేడ్ మార్క్. డెన్మార్క్ నుంచి కింగ్ డైమండ్. ముఖానికి తెల్ల రంగూ నల్ల రంగూ పూసుకుని, ఎముకలతో చేసిన మైక్ స్టాండ్ పట్టుకుని, పిల్లి తోక తొక్కినంత కీచుగా పాడగల పెద్దమనిషి. ఇక మోటర్‌హెడ్ బ్యాండ్ లెమ్మీ ఉండనే ఉన్నాడు. మైకుని నోటికన్నా ఎత్తులో బిగించి, చినుకు కోసం చూసే చాతక పక్షిలా మెడ పైకెత్తి, కంకర నమిలే గొంతుతో పాడిన మహానుభావుడు. వైనో, లీ డోరియన్, ఎరిక్ వాగ్నర్, స్నేక్, మైక్ డీన్, కర్ట్ బ్రెక్ట్ కూడా వచ్చారు. మొత్తం పదకొండు పాటలకి పదకొండు మంది గాయకులు. చాలా పాటలకి టేపులే అటూ ఇటూ తిరిగాయి. మనుషులు ఎదురుపడకుండా నడిచిన ఉమ్మడి కుటుంబం కాబట్టి గొడవలు రాలేదు.

దీనికి ప్రోబాట్ అని పేరు పెట్టి 2004 ఫిబ్రవరి 10న బయటికి వదిలారు. పెద్ద కంపెనీ కాదు, సదరన్ లార్డ్ అనే చిన్న రికార్డు లేబుల్. అట్ట మీద బొమ్మ వోయివోడ్ అనే మెటల్ బ్యాండ్ డ్రమ్మర్ మిషెల్ లాంజ్‌వాన్ వేశాడు. ఒక డ్రమ్మర్ ఆల్బమ్‌కి ఇంకో డ్రమ్మర్ బొమ్మ. గాయకుడికి పని తగ్గించాలని వాళ్ళ కులమంతా కలిసి చేసిన కుట్ర అనుకుంటే, మరి పదకొండు మంది గాయకుల్ని ఎందుకు తెచ్చినట్టో అంతు చిక్కదు.

నా అసలు ఆరోపణ వేరే ఉంది. ఈ రికార్డులో డేవ్ గ్రోల్ సొంత ముద్ర అంటూ కనపడదు. లెమ్మీ పాడినది వింటే మోటర్‌హెడ్ పాటే అనిపిస్తుంది. టామ్ వారియర్ దగ్గరికి వచ్చేసరికి పాట నడక బురదలో ఏనుగు నడకైపోతుంది, ఆయన పాత బ్యాండ్ సెల్టిక్ ఫ్రాస్ట్ లాగే. గ్రామీ కొట్టిన మనిషి, ఒక్కొక్కరి దస్తూరీ అంత బాగా కాపీ కొట్టాడంటే కుర్రతనంలో ఆ క్యాసెట్లని ఎన్నిసార్లు అరగదీసి ఉంటాడు? సానుభూతి చూపిస్తున్నానని అనుకోకండి, ఇది సాక్ష్యం.

జబ్బు ఎక్కడ అంటుకుందో కూడా తెలిసిపోయింది. బ్లాక్ సబ్బత్ గిటారిస్ట్ టోనీ అయోమీ 2000లో ఒక ఆల్బమ్ తెచ్చాడు. పాటకో గాయకుడు, అదే పద్ధతి. ఆ గాయకుల జాబితాలో ఒక పేరు డేవ్ గ్రోల్. పెద్దవాళ్ళ ఇంటికి అతిథిగా వెళ్ళి అలవాట్లు పట్టుకొచ్చాడన్నమాట. నయమైందా అంటే లేదు. 2022లో ఒక హారర్ సినిమా కథలో ఉన్న బ్యాండ్ కోసమని, డ్రీమ్ విడో పేరుతో మళ్ళీ మెటల్ పాటలు చేశాడు. వయసు యాభై దాటాక.

ఈ ఫిర్యాదు పకడ్బందీగా ఉండాలని ప్రోబాట్ మొత్తం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, నోట్స్ రాసుకుంటూ విన్నాను. చివరి పాట కింగ్ డైమండ్‌ది. కీచు గొంతు ఆగిపోయింది. నిశ్శబ్దం. విచారణ ముగిసిందని పెన్ను క్యాప్ పెట్టి, హెడ్‌ఫోన్స్ తీయబోతుండగా ఉన్నట్టుండి మళ్ళీ గిటార్ మోగింది. అట్ట మీద లేని పాట. పాడుతున్నది మెటల్ దేవుడు ఎవరూ కాదు, హాస్య నటుడు జాక్ బ్లాక్. దేవుళ్ళందరికన్నా సీరియస్‌గా పాడుతున్నాడు. పాట అయిపోయాక చూసుకుంటే నోట్స్‌లో చివరి పేజీ ఖాళీగా ఉంది, మెడ మాత్రం నొప్పెడుతోంది.