నానో అంటే చిప్ కాదు బాబాయ్!

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో బాబాయ్ పెట్టిన మెసేజ్ ఈ వారంలో నాకు మరో మూడు గ్రూపుల్లో కనిపించింది. దాని సారాంశం ఇది: "ఫ్లూకి నానో టీకా వస్తోంది. అందులోని ఇనుప రేణువులు ఒంట్లో చిప్‌లా పనిచేస్తాయి. ఒక్కసారి వేయించుకుంటే జన్మలో ఫ్లూ రాదు. ఏటా సూది అమ్ముకోవడానికి కంపెనీలు దీన్ని ఇన్నాళ్లూ తొక్కిపెట్టాయి. ఇప్పుడు వేసే ఫ్లూ టీకా దండగ." విషమూ అదేనట, అమృతమూ అదేనట. రెండూ కాదు.

ముందు ఇనుము సంగతి. కోవిడ్ రోజుల్లో ల్యాబ్ రిపోర్టులో 'ఫెరిటిన్' అంకె చూసి టెన్షన్ పడ్డవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. కొత్త టీకాల్లో ఒకదానిలో వాడేదీ ఫెరిటినే కాబట్టి ఈ పుకారు ఆ పేరులోంచే పుట్టి ఉంటుంది. ఫెరిటిన్ ఇనుము కాదు, ఇనుమును దాచిపెట్టే ప్రొటీన్. దాని 24 ముక్కలు వాటంతటవే అతుక్కుని బోలు బంతిగా తయారవుతాయి. అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ శాస్త్రవేత్తలు 2013లో ఆ బంతి మీద ఫ్లూ వైరస్ ముళ్లు, అంటే వైరస్ ఒంటి మీద పొడుచుకువచ్చే ప్రొటీన్లు, ఎనిమిది నిలబెట్టి చూపించారు. కడిమి పువ్వు చూసినవాళ్లకు ఆ ఆకారం చటుక్కున అర్థమవుతుంది. వాడింది మనిషి ఫెరిటిన్ కూడా కాదు, కడుపులో పుండ్లు తెచ్చే హెలికోబాక్టర్ పైలోరి బ్యాక్టీరియాది. మన ప్రొటీన్‌లాగే ఉంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థ మన మీదే తిరగబడొచ్చు కదా, అందుకే ఆ జాగ్రత్త.

ఇక నానో అన్నది సైజు మాట. ఒక నానోమీటర్ అంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు. ఫ్లూ వైరస్సే దాదాపు 100 నానోమీటర్లు. పిల్లలకు వేయించే హెపటైటిస్-బి టీకాలో ఉండేవీ 22 నానోమీటర్ల ప్రొటీన్ రేణువులే. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన టీకా ఆ రకందే. అంటే ఆ 'చిప్' మన ఇళ్లలోకి వచ్చి పాతికేళ్లు దాటింది!

'జన్మలో రాదు' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇందులో నిజం ఛాయ ఉంది. వైరస్ ముల్లుకు తల ఉంటుంది, కాడ ఉంటుంది. మన ఒళ్లు ఎక్కువగా తల మీదే యాంటీబాడీలు తయారుచేస్తుంది. వైరస్ మార్చేది కూడా ఆ తలనే. అందుకే టీకాలో ఏ రకాలు పెట్టాలో డబ్ల్యూహెచ్‌ఓ ఏటా రెండుసార్లు, ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి, కూర్చుని తేలుస్తుంది. కాడ పెద్దగా మారదు. మరి తల తీసేసి కాడనే చూపిస్తే? తల తీస్తే కాడ విచ్చుకుపోతుంది. అది నిలబడేలా మార్పులు చేయడానికే ఏళ్లు పట్టింది. ఆ కాడలను ఫెరిటిన్ బంతి మీద గుచ్చిన టీకాను 2019లో మొదటిసారి మనుషులకు ఇచ్చారు, అదీ 52 మందికి. సురక్షితంగానే ఉంది, యాంటీబాడీలు ఏడాది దాటి నిలిచాయి. కానీ రక్తంలో యాంటీబాడీలు కనిపించడం వేరు, జనంలో ఫ్లూ తగ్గడం వేరు. పైగా అది హెచ్1 అనే రకం ఫ్లూ కాడ. హెచ్3ఎన్2 అనే మరో రకం ఫ్లూ వైరస్ కాడ వేరే గుంపుది, దానికి మళ్లీ వేరే ఏర్పాటు కావాలి.

నాకు ఇంతకంటే ఆసక్తిగా అనిపించేది వాషింగ్టన్ యూనివర్సిటీలో కంప్యూటర్‌పై డిజైన్ చేసిన బంతి. అక్కడి డేవిడ్ బేకర్‌కు ప్రొటీన్ డిజైన్ పనికే 2024లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఈ బంతి మీద 20 ముళ్లు పడతాయి, అవీ నాలుగు రకాల ఫ్లూలవి, కదంబం మాలలో పూలలా కలిపి. పక్కపక్కన వేర్వేరు ముళ్లుంటే, వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న భాగాన్ని గుర్తుపట్టే మన రక్షణ కణాలకు పట్టు దొరుకుతుందన్నది దాని వెనక ఆలోచన. జంతువుల్లో ఫలితాలు బాగున్నాయి, టీకాలో లేని రకాల మీద కూడా. మనుషుల్లో తొలి దశ పరీక్ష 2021లో మొదలైంది. దీన్ని పట్టుకుని 'జన్మలో రాదు' అనడం, పెళ్లిచూపులు కాకముందే బారసాలకు పిలవడం లాంటిది.

తొక్కిపెట్టారన్నదానికి పెద్ద జవాబు అక్కర్లేదు. పని చేయించింది ప్రభుత్వ సంస్థ, ఫలితాలు అచ్చయింది అందరూ చదివే సైన్స్ పత్రికల్లో.

చివరిది 'దండగ' మాట. నాకు కోపం తెప్పించింది ఇదే. ఇప్పటి టీకా గొప్పదని నేనూ అనను. వైరస్‌తో సరిగ్గా సరిపోయిన ఏడాదుల్లో, ఫ్లూతో డాక్టర్ దగ్గరికి పరుగెత్తే పరిస్థితిని 40 నుంచి 60 శాతం తగ్గిస్తుంది. అమెరికాలో 2014-15లో సరిపోక 19 శాతానికి పడిపోయింది. కొత్త టీకా కోసం తంటాలు పడుతున్నదీ అందుకే. అయినా డబ్ల్యూహెచ్‌ఓ లెక్కన ఫ్లూ వల్ల వచ్చే ఊపిరి సమస్యలతో ఏటా 2.9 లక్షల నుంచి 6.5 లక్షల మంది పోతున్నారు. ఇలాంటిచోట సగం రక్షణను దండగంటామా?

బాబాయ్‌కి 63 ఏళ్లు, షుగర్ ఉంది. గ్రూపులో వాదించకుండా ఫోన్ చేశాను. "ఆ నానోది వచ్చాక వేయించుకుంటాలేరా" అన్నారు. "వానలు అంతకంటే ముందే వస్తాయి బాబాయ్" అన్నాను. కాసేపు నసిగి, "సరే, ఆదివారం రా, వెళ్దాం" అన్నారు.