టీచర్‌కి ముందే తెలిసిన జవాబు పిల్లలెందుకు చెప్పాలి?

మన ప్రైమరీ స్కూళ్లలో పిల్లలు నోరు విప్పరు అని అందరూ అంటారు గానీ అసలు వాళ్లని మాట్లాడమని అడిగేదెప్పుడు? "నక్క ఎవర్ని మోసం చేసింది?" అని టీచర్ అడుగుతుంది, జవాబు ఆవిడకి తెలుసు, పుస్తకంలోనూ ఉంది, క్లాసంతా కోరస్‌గా "కాకినీ..." అంటారు, అయిపోయింది. దీన్ని మాట్లాడటం అంటామా?

పిల్లల్ని కథలోకే దింపేస్తే సంగతి వేరు. రెండో క్లాసులో టీచర్ కండువా వేసుకుని "నేను ఈ ఊరి సర్పంచ్‌ని, రాత్రి నుంచి వాన ఆగట్లేదు, చెరువు కట్ట తెగేలా ఉంది, ఏం చేద్దామో చెప్పండి" అందనుకోండి. ఒకడు ఇసుక బస్తాలు వేద్దామంటాడు, ఇంకో పిల్ల ముందు గొర్రెల్ని మెరక మీదికి తోలాలంటుంది, అన్ని బస్తాలు ఎక్కణ్ణుంచి తెస్తావని మూడోవాడు గొడవకి దిగుతాడు. ఈసారి జవాబు టీచర్ దగ్గర లేదు, అందుకే వాళ్లు కారణాలు చెప్పాలి, ఒప్పించాలి, ఎదుటివాడు చెప్పేది వినాలి. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ యూనివర్సిటీలో పనిచేసిన డొరొతీ హీత్‌కోట్ ఎప్పుడో ఇదే చేసి చూపించారు, టీచరే కథలో పాత్ర అవ్వడం, పిల్లలకి నిపుణుల బాధ్యత అప్పగించడం. వీఆర్ హెడ్‌సెట్లు, స్మార్ట్ బోర్డులు ఏమీ అక్కర్లేదు (అవి కొనడం మీదున్న ఉత్సాహం వేరే సంగతి లెండి).

మరి ఎందుకు జరగట్లేదంటే, చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు వచ్చేలా చేయాలని కేంద్రం 2021 జులైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్‌ పథకంలో మౌఖిక భాష గురించి రాసుకున్నారు, కాదనను, కానీ మూడో తరగతి టార్గెట్ అనగానే అందరికీ గుర్తొచ్చేది నిమిషానికి కనీసం 60 పదాలు చదవడం. లెక్కపెట్టడానికి వీలైంది అదే కాబట్టి టీచర్ టైమ్ కూడా అటే పోతుంది, ఆవిణ్ణి తప్పుపట్టలేం.

ఇంకో చిక్కు ఇంగ్లిష్ మీడియం. తెలుగూ ఇంగ్లిషూ పక్కపక్కనే ఉన్న పుస్తకాలు రెండు రాష్ట్రాల్లోనూ ఇచ్చారు, బానే ఉంది, కానీ చెరువు గట్టు మీద వాదన మొదట ఇంటి భాషలోనే జరగాలని నేనంటాను, అది కోయ అయినా సరే, యాస ఏదైనా సరే, మధ్యలో ఆపి మాట సరిచేశారా పిల్లాడు మళ్లీ నోరెత్తడు. మర్నాడు అదే కథ నాలుగు ఇంగ్లిష్ వాక్యాలతో ఆడించొచ్చు, చెప్పాల్సింది ముందే మనసులో ఉంటుంది కాబట్టి పదాలు వెతుక్కోవడం ఒక్కటే మిగులుతుంది.

ఎప్పుడూ మాట్లాడే నలుగురే ఇందులోనూ మాట్లాడేస్తారన్న మాట మాత్రం నిజం. దానికి మందు పాత్రలు పంచడంలోనే ఉంది. వెనక బెంచీ పిల్లని రాత్రి కట్ట మీద కాపలా పెట్టాలి, గండి ఎక్కడ పడుతోందో ఆ పిల్లకే తెలియాలి, అప్పుడు ఆ నలుగురూ తిరిగి ఆ పిల్లనే అడగాల్సొస్తుంది.