టరాంటులా హాక్ కుడితే ప్రాణం పోతుందా?

"నల్లటి ఒళ్లు, నారింజ రెక్కల కందిరీగ కనిపిస్తే వెంటనే చంపేయండి, అది మనుషుల వెంటపడి కుడుతుంది, కుడితే నిమిషాల్లో ప్రాణం పోతుంది, టరాంటులా సాలీళ్లనే చంపి తినేస్తుంది" అని ఫొటోతో సహా ఒక పోస్టు తెగ తిరుగుతోంది. అది చెబుతున్నది టరాంటులా హాక్ అనే కందిరీగ గురించి. అందులో నిజం ఉన్నది ఒక్క రంగు విషయంలోనే, అదీ సగమే.

ప్రాణం పోతుందన్నది తప్పు. నొప్పి మాత్రం మామూలుది కాదు. పురుగుల కాట్లకు 1 నుంచి 4 వరకు నొప్పి స్థాయిలు ఇచ్చిన జస్టిన్ ష్మిట్ దీన్ని 4లో పెట్టాడు. అయితే ఆ నొప్పి దాదాపు ఐదు నిమిషాల్లో తగ్గుతుంది, దాని విషం మనుషులకు అంత ప్రమాదకరం కాదు. కందిరీగ కాటుకు అలర్జీ ఉన్నవాళ్లు మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఏ కందిరీగ కుట్టినా సరే.

వెంటపడుతుందా? పడదు. ఇది గుంపుగా బతికేది కాదు, కాపాడుకోవడానికి తెట్టె కూడా ఉండదు. చేత్తో పట్టుకుంటేనో, కాలి కింద పడితేనో కుడుతుంది. మగవాటికి అసలు కుట్టే కొండి ఉండదు.

ఇక చంపి తినడం. పెద్దవి తాగేది పువ్వుల్లోని మకరందం. ఆడది టరాంటులాను కుట్టి కదలకుండా చేసి, తనకంటే ఎంతో బరువున్న ఆ సాలీడును వెనక్కి నడుస్తూ బొరియలోకి ఈడ్చుకెళ్లి, దాని పొట్ట మీద ఒకే ఒక్క గుడ్డు పెట్టి మట్టితో మూసేస్తుంది. సాలీడు బతికే ఉంటుంది! గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు దాన్ని తింటుంది, అదీ ప్రాణానికి కీలకమైన భాగాలను చివరికి వదిలి, అంటే మాంసం పాడవకుండా.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది గుర్తుపట్టే విషయం. రంగు ఒక్కటీ చూస్తే చాలదు, ఎందుకంటే వీటిలోనే రెక్కలు నల్లగా ఉండే రకాలూ ఉన్నాయి. సైజు చూడండి, పెద్దవి 5 సెంటీమీటర్ల వరకు ఉంటాయి. ఒళ్లు నీలి మెరుపున్న నలుపు. వెనక కాళ్లు బాగా పొడవు, వాటి మీద ముళ్లు. ఆడదాని మీసాలు చివర్లో చుట్టుకుని ఉంటాయి. నేల మీద రెక్కలు టపటపలాడిస్తూ హడావుడిగా పరుగెడుతుంది. నడుము దారంలా సన్నగా, పొడుగ్గా ఉంటే అది వేరే కందిరీగ, మట్టిగూళ్లు కట్టే రకం కావచ్చు. అవీ సాలీళ్లనే వేటాడతాయి కానీ చిన్నవాటిని, ఒక్కో అరలో చాలా కుక్కుతాయి.



ఆ పోస్టులోని ఫొటోను పెద్దది చేసి చూడండి. రెక్కలు ఒకే జత, మీసాల చివర గదల్లా లావుగా ఉన్నాయి. కందిరీగకు రెండు జతల రెక్కలుంటాయి. అది మైడాస్ ఈగ, కందిరీగలా కనిపిస్తుందంతే, దానికి కొండి లేదు.