బావా, ఆ అలాస్కా ఫార్వర్డు ఇక పంపకు

ఫ్యామిలీ గ్రూపులో వచ్చింది, కాలేజీ గ్రూపులో వచ్చింది, చాలదన్నట్టు డాలస్‌లో ఉన్న మా బావ విడిగా కూడా పంపాడు. సారాంశం ఇదీ: అమెరికా ప్రభుత్వం తను కొనుక్కున్న భూమిని అలాస్కా తెగలకి ఉచితంగా రాసిచ్చేస్తోంది, వాళ్ళని కూర్చోబెట్టి మేపుతోంది, ఆస్పత్రి పేరు చెప్పి వాళ్ళు క్యాసినోలు కట్టుకుంటారు, అసలు ఆస్పత్రి నడపడం వాళ్ళకేం తెలుసు, పైగా ఆ నేలలో కాలుష్యం కడిగే ఖర్చు కూడా మన ట్యాక్సుల్లోంచే. కింద ఎర్రమొహం ఎమోజీలు.

"కొనుక్కున్న భూమి"ట. 1867లో రష్యాకి 72 లక్షల డాలర్లిచ్చి కొన్నారు, నిజమే. అక్కడ ఉంటున్నవాళ్ళని మాత్రం అమ్మినవాడూ అడగలేదు, కొన్నవాడూ అడగలేదు. మన్యంలో గిరిజనుల భూమి వేరేవాళ్ళ చేతికి పోకుండా 1/70 చట్టం ఎందుకు పెట్టాల్సొచ్చిందో తెలిసినవాళ్ళు కూడా ఇది ఫార్వర్డ్ చేస్తుంటే ఏమనాలి?

ఉచితమా? అవును, పైసా తీసుకోలేదు. కానీ ఎంత భూమి? 2013 చివర్లో వచ్చిన చట్టం అలాస్కాలోని పెద్ద నగరం యాంకరేజ్‌లో తెగల ఆరోగ్య సంస్థ ఒకదానికి ఇచ్చింది 2.79 ఎకరాలు. మూలవాసులకి వైద్యం అందించడం ఫెడరల్ ప్రభుత్వ బాధ్యత. ఆ పనిని నిధులతో సహా తెగలే తీసుకుని నడుపుకోవచ్చని 1975లోనే చట్టం చేశారు. ఇక "కూర్చోబెట్టి మేపుతున్నారు" అనే మాటకొస్తే, 2017లో ఈ మూలవాసుల వైద్యం చూసే ఫెడరల్ శాఖ ఇండియన్ హెల్త్ సర్వీస్ తలకి పెట్టిన ఖర్చు 4,078 డాలర్లు, ముఖ్యంగా 65 దాటినవాళ్ళకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌లో 13,185. ఎవర్ని మేపుతున్నారో లెక్క వేసుకోండి.

క్యాసినో సంగతి. ఆ స్థలంలో లేచింది 170 గదుల రోగుల వసతి, ఆస్పత్రికి పైనుంచే వంతెన. అలాస్కాలో చాలా ఊళ్ళకి రోడ్డే లేదు. కాన్పుకి వారాల ముందే విమానమెక్కి వచ్చే గర్భిణులు, క్యాన్సర్ చికిత్సకి వచ్చినవాళ్ళు ఉండడానికి కట్టారది. పేకాట బల్లలు ఏ ఫ్లోర్‌లో వేశారో బావే చూపించాలి.

అసలు ఒళ్ళు మండేది "వాళ్ళకేం తెలుసు" అన్న దగ్గర. యాంకరేజ్‌లోని పెద్దాస్పత్రిని నడిపేది రెండు మూలవాసీ సంస్థలు. వాటిలో ఒకటైన సౌత్‌సెంట్రల్ ఫౌండేషన్‌కి మాల్కమ్ బాల్‌డ్రిజ్ జాతీయ నాణ్యతా పురస్కారం 2011లో ఒకసారి, 2017లో ఇంకోసారి వచ్చింది. ప్రభుత్వం నడిపినప్పుడు సొంత డాక్టరంటూ లేక ఎమర్జెన్సీలో గంటలకొద్దీ పడిగాపులు కాసిన జనానికి వీళ్ళొచ్చాక కుటుంబానికో బృందాన్ని కేటాయించారు, అందులో డాక్టరు, నర్సు, అపాయింట్‌మెంట్లు చూసే మనిషి, ఫోన్ చేసిన రోజే చూపించుకునే వీలు. అక్కడ పేషెంటుని "కస్టమర్-ఓనర్" అంటారు. ఎలా నడుపుతున్నారో చూడ్డానికి వేరే దేశాల నుంచి కూడా వస్తారు. డెంటిస్టులు వెళ్ళని ఊళ్ళ కోసం తమ పిల్లల్నే న్యూజిలాండ్ పంపి పళ్ళ వైద్యం నేర్పిస్తే అమెరికా డెంటిస్టుల సంఘం 2006లో కోర్టుకెక్కింది, నిలవలేదు. ఇంతకీ ఈ ఫార్వర్డు రాసిన మహానుభావుడు ఎన్ని ఆస్పత్రులు నడిపాడో? అమెరికాలో ఉండే మనం ఎమర్జెన్సీలో నాలుగు గంటలు కూర్చుని, నెల తర్వాత వచ్చిన బిల్లు చూసి గ్రూపులో గోల పెడతాం కదా, ఆ ఆస్పత్రులు నడిపేవాళ్ళకి అన్నీ తెలుసన్నమాట!

కాలుష్యం విషయం సగం కరెక్టే. భూమి చేతులు మారకముందు పేరుకున్న దానికి భూమి తీసుకున్న సంస్థది బాధ్యత కాదని ఆ 2013 చట్టంలోనే ఉంది. ప్రభుత్వం కింద ఉన్నప్పుడు జరిగిన దానికి ప్రభుత్వం కాక ఇంకెవరు కడగాలి?

ఫార్వర్డులో లేనిది ఒకటి నేనే చెప్తాను. ఆ చట్టంలో "ఆరోగ్య కార్యక్రమాల కోసం" అని రాశారు గానీ, దస్తావేజులో షరతులేవీ పెట్టకూడదు, భూమి మళ్ళీ ప్రభుత్వానికి తిరిగొచ్చే హక్కు కూడా ఉండకూడదు అని కూడా రాశారు. అంటే రేపెప్పుడైనా బోర్డు మారి ఆ స్థలం అమ్మేస్తే ఆపడానికి దస్తావేజులో ఏమీ లేదు. సొంత భూమి మీద ప్రతి పనికీ వాషింగ్టన్ అనుమతి అడగక్కర్లేకుండా చేశారని నాకు అర్థమైంది, అయినా ఇది నాకు పూర్తిగా మింగుడుపడలేదు. దీని మీద ఎవరైనా నిలదీస్తూ రాస్తే కూర్చుని చదువుతాను. క్యాసినో కథలు మాత్రం వద్దు బావా.